లావు అడాప్టర్లు పట్టే ఎక్స్‌టెన్షన్ బాక్సు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

రాజమండ్రిలో అమ్మావాళ్లింట్లో టీవీ వెనక ఉన్నది ఒకటే ప్లగ్ పాయింట్. ఇల్లు కట్టిన రోజుల్లో అక్కడికి కావలసింది అంతే. ఇప్పుడు అదే చోట టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఫైబర్ నెట్ మోడెం, వైఫై రౌటరు, టీవీకి తగిలించిన స్ట్రీమింగ్ స్టిక్కు (నెట్‌లో సినిమాలు చూసేది), నాన్న ఫోన్ ఛార్జరు ఉన్నాయి. ఆరు వస్తువులు కదా అని ఆరు సాకెట్ల స్పైక్ గార్డు (వోల్టేజి పోటుని ఆపే ఎక్స్‌టెన్షన్ బాక్సు) కొని తీసుకెళ్లాను. తీరా పెట్టి చూస్తే పట్టినవి నాలుగే. రౌటర్ అడాప్టర్ పెట్టగానే పక్క సాకెట్ సగం మూసుకుపోయింది. సెట్‌టాప్ బాక్సుది పెట్టగానే ఇంకొకటి పోయింది. నేను తిరిగి వచ్చేశాక అమ్మ ఐదోదాన్ని ఎలాగో ఇరికించింది. ఫోన్‌లో అడిగితే, "పట్టిందిలే నాన్నా, లైటు వెలుగుతోందిగా" అంది.

రెండు నెలల తర్వాత వెళ్లి చూస్తే ఆ ప్లగ్గు పిన్నుల చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగింది. ముట్టుకుంటే వేడి. వెంటనే స్విచ్ ఆపి దాన్ని తీసేశాను. ఆ రోజు నుంచి ఈ చిన్న విషయాన్ని నేను చిన్నదిగా చూడడం మానేశాను.

లైటు వెలిగినంత మాత్రాన ప్లగ్గు పట్టినట్టు కాదు. పిన్ను పూర్తిగా లోపలికి వెళ్లినప్పుడే సాకెట్‌లోని ఇత్తడి పట్టీ దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. పక్క అడాప్టర్ అడ్డొచ్చి ప్లగ్గు ఒరిగినా, సగమే దిగినా, పిన్ను ఒక అంచునే తాకుతుంది. ఆ కొంచెం మేరలోంచే కరెంటంతా పోవాలి కాబట్టి అక్కడ వేడి పుడుతుంది. వేడికి పట్టీ బిగువు తగ్గుతుంది, బిగువు తగ్గితే వేడి ఇంకా పెరుగుతుంది. బాక్సులోంచి చిటచిట శబ్దం వస్తున్నా, కాలిన ప్లాస్టిక్ వాసన తగులుతున్నా ఆ సాకెట్ పని అయిపోయిందనే అర్థం. పక్క సాకెట్‌కి మార్చుకుని సరిపెట్టుకోకండి, బాక్సే మార్చండి.

ముందు తేల్చుకోవలసింది: జాగా చాలక ఇబ్బందా, లోడ్ ఎక్కువై ఇబ్బందా?

ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే చాలామంది తప్పు వస్తువు కొంటారు.

టీవీ స్టాండు వెనక ఉన్నవాటి లెక్క చూడండి. రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే అది ఇచ్చేది 12 వాట్లు. సెట్‌టాప్ బాక్సుది 12 వోల్టులు, ఒకటిన్నర ఆంపియర్ అయితే 18 వాట్లు. స్టిక్కు, మోడెం, ఫోన్ ఛార్జరు, ఓ మోస్తరు ఎల్ఈడీ టీవీ, అన్నీ కలిపినా మామూలుగా 200 వాట్ల దగ్గర ఆగుతుంది. మన 230 వోల్టుల సరఫరా మీద అది ఒక ఆంపియర్ కూడా కాదు. మామూలు 6 ఆంపియర్ల సాకెట్ 1380 వాట్ల దాకా మోస్తుంది. కాబట్టి టీవీ దగ్గర కరెంటుకి లోటు లేదు, ఉన్న లోటంతా జాగాకే. అడాప్టర్లు చూడడానికి బండగా ఉన్నా తాగే కరెంటు చాలా తక్కువ.

వంటింట్లో కథ తిరగబడుతుంది. ఇండక్షన్ స్టవ్ ప్లగ్గు చిన్నగానే ఉంటుంది, లాగేది 2000 వాట్లు. 1500 వాట్ల కెటిల్ ఒక్కటే 6.5 ఆంపియర్లు తీసుకుంటుంది. ఇలాంటివాటికి ఎంత విశాలమైన ఎక్స్‌టెన్షన్ బాక్సూ జవాబు కాదు. గోడకున్న 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గే వాటి చోటు. బాక్సు మీద ఎన్ని ఆంపియర్లు అచ్చువేసినా, అది దూరేది గోడకున్న 6 ఆంపియర్ల సాకెట్లోకైతే మన హద్దు 6 ఆంపియర్లే. గీజరు, ఐరన్ బాక్సు, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్ వీటిలో ఏదీ ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టవద్దు.

ఇక్కడినుంచి చెప్పేదంతా జాగా ఇబ్బంది గురించే.

అట్టముక్క పట్టుకుని షాపుకి వెళ్లండి

బాక్సు మీద రాసిన సాకెట్ల సంఖ్య నమ్మకండి. చూడాల్సింది ఒక సాకెట్ నడిమధ్య నుంచి పక్క సాకెట్ నడిమధ్యకి ఎంత దూరం ఉందో. మా ఇంట్లో, చుట్టాల ఇళ్లలో నేను స్కేలు పెట్టి కొలిచిన మామూలు స్పైక్ గార్డుల్లో ఇది నాలుగు సెంటీమీటర్లకి అటూ ఇటూగానే ఉంది. అమ్మావాళ్ల రౌటర్ అడాప్టర్ వెడల్పు ఐదు సెంటీమీటర్లు. పిన్నులు సరిగ్గా మధ్యలో ఉంటే రెండున్నర అటు, రెండున్నర ఇటు. పక్కన అలాంటిదే ఇంకొకటి పెట్టాలంటే కనీసం ఐదు సెంటీమీటర్ల ఎడం కావాలి. పక్కన సన్నటి ప్లగ్గు పెట్టినా నాలుగున్నర దగ్గరికి వస్తుంది. నాలుగు సెంటీమీటర్ల బాక్సులో ఇది ఏ విధంగానూ కుదరదు.

అడాప్టర్లన్నిటికీ పిన్నులు మధ్యలోనే ఉండవు, కొన్నిటికి ఒక చివరకి ఉంటాయి. అందుకని కొలతలు రాసుకోవడం కంటే ఇది సులువు: పాత కార్డుబోర్డు ముక్క మీద అడాప్టర్ పిన్నులు గుచ్చి, చుట్టూ పెన్సిల్‌తో గీసి, కత్తిరించండి. లావుగా ఉన్న ప్రతి అడాప్టర్‌కీ ఒక ముక్క. హైదరాబాద్‌లో నేను కోఠి దగ్గర ట్రూప్ బజారుకి ఇలా మూడు అట్టముక్కలు జేబులో వేసుకుని వెళ్లాను. కౌంటర్ మీద పెట్టిన ప్రతి బాక్సు మీదా వాటిని పరిచి చూసుకున్నాను. పావుగంటలో తేలిపోయింది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు బాక్సు పొడవుని సాకెట్ల సంఖ్యతో భాగిస్తే ఉజ్జాయింపు ఎడం తెలుస్తుంది. వైరు వైపు స్విచ్చు, ఫ్యూజు తినేసే జాగా ముందే తీసేయాలి సుమా.

సాకెట్లు ఏ వైపు తిరిగి ఉన్నాయన్నది కూడా చూడండి. చాలా బాక్సుల్లో ఎర్త్ రంధ్రం బాక్సు అంచు వైపుకి ఉంటుంది. అలాంటిదానిలో పొడవుగా కిందికి వేలాడే అడాప్టర్ హాయిగా పడుతుంది, దాని ఒళ్లు బాక్సు అంచు దాటి బయటికి పోతుంది. వెడల్పుగా ఉన్నదే పక్కవాటిని మూస్తుంది. కొన్ని బాక్సుల్లో సాకెట్లు అడ్డంగా తిరిగి ఉంటాయి, అక్కడ లెక్క తారుమారు. ఐమూలగా పెట్టినవీ దొరుకుతాయి, రకరకాల అడాప్టర్లు ఉన్నవాళ్లకి అవి బాగా నప్పుతాయి.

ఒక్కో సాకెట్‌కి ఒక్కో స్విచ్చు ఉన్న బాక్సు చూడగానే మనసుపడతాం. కానీ ఆ స్విచ్చు సాకెట్ పక్కనే ఉంటే అడాప్టర్ దాని మీద కూర్చుంటుంది, నొక్కడానికి వేలు దూరదు. స్విచ్చులన్నీ వేరే వరసలో ఉన్నది అయితేనే ఆ ఖర్చు దండగ కాదు.

కొనకముందు, ఉన్నదానితోనే చేయగలిగింది

టూ పిన్ అడాప్టర్‌ని తలకిందులుగా కూడా పెట్టవచ్చు, త్రీ పిన్‌ని పెట్టలేం. కాబట్టి పక్కపక్కనున్న రెండు టూ పిన్ అడాప్టర్లలో ఒకటి పైకి, ఒకటి కిందికి తిప్పి చూడండి. అన్నిటికంటే లావుగా ఉన్న రెంటినీ రెండు చివర్ల సాకెట్లలో పెడితే వాటి సగం ఒళ్లు బాక్సు బయటికి వెళ్లిపోతుంది. లాప్‌టాప్ అడాప్టర్ ఇటుకంత ఉన్నా అది వైరు మధ్యలో ఉంటుంది, ప్లగ్గు మాత్రం మామూలుదే. అది మధ్యలోని ఇరుకు సాకెట్లో పడుతుంది. ఈ సర్దుబాటుతోనే కొందరి ఇబ్బంది తీరిపోతుంది.

అడాప్టర్‌నే మార్చుకోవడం ఇంకో దారి. పాత అడాప్టర్లలో ఇనుప రేకుల ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది, అందుకే ఆ బరువు, ఆ లావు. ఇప్పటివి కరెంటుని చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ పనిచేస్తాయి కాబట్టి వాటికి చిన్న ట్రాన్స్‌ఫార్మరే చాలు. చేతికి బరువుగా తగిలే పాత అడాప్టర్ ఉంటే దాని బదులు సన్నటిది తెచ్చుకోవచ్చు. వోల్టేజి సరిగ్గా అదే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండాలి, ఎక్కువైనా పరవాలేదు, తక్కువ కాకూడదు. గుండ్రటి పిన్ను సైజు, దానిలో ప్లస్ లోపలుందా బయటుందా అన్న బొమ్మ, రెండూ కలవాలి. సెట్‌టాప్ బాక్సు, మోడెం కనెక్షన్ ఇచ్చినవాళ్లవే అయితే ముందు వాళ్లనే అడగండి.

ఫోన్ ఛార్జర్ల సంగతి ఇంకా తేలిక. ఇంట్లో నలుగురికీ నాలుగు ఛార్జర్లు వరసగా పెట్టే బదులు, నాలుగు పోర్టులున్న గ్యాన్ ఛార్జరు (గాలియం నైట్రైడ్ చిప్పులతో చేసిన చిన్న సైజుది) ఒకటి కొంటే నాలుగు సాకెట్లు ఒకటవుతాయి. బాక్సుకే యూఎస్‌బీ పోర్టులున్నవాటిని నేను అంతగా సిఫారసు చేయను. చాలావాటిలో ఆ పోర్టులన్నీ కలిపి ఇచ్చే శక్తి తక్కువ, ఫోన్ నెమ్మదిగా ఎక్కుతుంది. చివరికి అసలు ఛార్జరే తెచ్చి సాకెట్లో పెట్టుకుంటాం.

కొనదగ్గ రకాలు, ఒక్కొక్కటిగా

నా మొదటి ఓటు ఎడంగా ఉన్న సాకెట్ల పొడుగాటి స్పైక్ గార్డుకి. సాకెట్లు నాలుగే ఉన్నా నాలుగూ వాడుకోగలిగితే, ఆరు ఉండి నాలుగే పనికొచ్చేదాని కంటే అదే మేలు. వైరు కనీసం ఒక చదరపు మిల్లీమీటర్ రాగిది, మూడు తీగలది ఉండాలి. వెనక గోడకి తగిలించే రంధ్రాలున్నాయో చూడండి. టీవీ వెనక నేలమీద పడేసిన బాక్సు మీదికి చీపురు, తడిగుడ్డ, దుమ్ము అన్నీ వస్తాయి. గోడకి బిగిస్తే అడాప్టర్లు వాటి బరువుకి ఊడకుండా ఉండేలా చూసుకోండి. టూ పిన్ అడాప్టర్ల పిన్నులు సన్నం, పెద్ద రంధ్రాల్లో అవి లూజుగానే నిలబడతాయి.

టవర్‌లా నిలబడేవి, నాలుగు వైపులా సాకెట్లుండే ఘనం ఆకారంవి మంచి ఆలోచనే. ప్రతి అడాప్టరూ వేరే దిక్కుకి పోతుంది కాబట్టి ఒకదానికొకటి అడ్డురావు. ఆఫీసు టేబుల్ మీద బాగుంటాయి. టీవీ స్టాండు వెనక సన్నటి సందులో మాత్రం పట్టవు, నాలుగు వైపులా జాగా అడుగుతాయి. టవర్ అయితే అడుగు బరువుగా ఉండాలి, లేకపోతే ఒక ప్లగ్గు లాగితే మొత్తం పడిపోతుంది.

పొట్టి ఎక్స్‌టెన్షన్ వైర్లని మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు గానీ నాకు బాగా నచ్చినవి అవే. జానెడో మూరెడో వైరు, ఒక చివర ప్లగ్గు, రెండో చివర ఒకే సాకెట్. లావు అడాప్టర్‌ని ఆ చివర తగిలిస్తే బాక్సులో సన్నటి ప్లగ్గు జాగా చాలు. ఉన్న బాక్సు బాగానే ఉంటే కొత్తది కొననక్కర్లేదు, ఇలాంటివి రెండు చాలు. రెడీమేడ్‌గా దొరక్కపోతే తెలిసిన ఎలక్ట్రీషియన్ త్రీ పిన్ టాపు (ప్లగ్గు), ఫీమేల్ సాకెట్, మూడు తీగల వైరుతో పది నిమిషాల్లో చేసిస్తాడు. ఎర్త్ తీగ కూడా కలిపాడో లేదో అడిగి చూడండి. రౌటర్, సెట్‌టాప్ బాక్సు లాంటి చిన్న లోడ్లకే ఇది. ఒక స్పైక్ గార్డుకి ఇంకో స్పైక్ గార్డు తగిలించడం మాత్రం వేరే సంగతి, అది చేయకండి. రెండో దాని భారమంతా మొదటిదాని ఒక్క సాకెట్ మీద పడుతుంది, తెలియకుండానే ఎవరో దానికి ఐరన్ బాక్సు పెడతారు.

గోడ సాకెట్‌కే నేరుగా గుచ్చే మల్టీ ప్లగ్ చవక, చిన్నది. అయినా వద్దంటాను. మూడు అడాప్టర్ల బరువు మోస్తూ అది ముందుకి వంగుతుంది, గోడలోని సాకెట్ పట్టీలు సాగిపోతాయి. తర్వాత ఆ పాయింట్‌లో ఏది పెట్టినా లూజే. యాభై అరవై రూపాయల వస్తువు కోసం గోడ సాకెట్ మార్చుకోవలసి వస్తుంది.

సొంతిల్లయితే అసలైన పరిష్కారం గోడమీదే ఉంది. మాడ్యులర్ బోర్డులో జాగాని మాడ్యూళ్లనే సమానమైన గళ్లలో లెక్కిస్తారు. 6 ఆంపియర్ల సాకెట్ రెండు మాడ్యూళ్లు, స్విచ్చు ఒకటి తీసుకుంటాయి. 12 మాడ్యూళ్ల ప్లేటులో సాకెట్, స్విచ్చు, సాకెట్, స్విచ్చు అని మార్చి మార్చి పెడితే నాలుగు సాకెట్లు వస్తాయి, ప్రతి రెంటి మధ్యా స్విచ్చు వెడల్పంత ఎడం దానంతటదే ఏర్పడుతుంది. ఇంకా ఎడం కావాలంటే ఒక సాకెట్ తగ్గించి ఆ జాగాలో డమ్మీ (ఖాళీ మూత) పెట్టించుకోవచ్చు. అలవాటు కొద్దీ ఎలక్ట్రీషియన్లు సాకెట్లన్నీ ఒక పక్కకి, స్విచ్చులన్నీ ఒక పక్కకి పెడతారు. "అన్నా, మధ్యమధ్యలో స్విచ్చు రావాలి" అని ముందే చెప్పాలి, బిగించాక చెబితే లాభం లేదు. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు టీవీ గోడకి ఇలాంటి బోర్డు ఒకటి, మంచం పక్కన ఒకటి అడిగి పెట్టించుకోండి. వైరింగ్ నడుస్తున్నప్పుడు అయ్యే ఖర్చు చాలా తక్కువ.

అమెరికా నుంచి తెచ్చిన బాక్సు

మా బావగారు అక్కడినుంచి తిరిగి వచ్చేటప్పుడు సామానుతో పాటు సర్జ్ ప్రొటెక్టర్ (మన స్పైక్ గార్డు లాంటిదే) ఒకటి తెచ్చారు. అక్కడి బాక్సుల్లో చివర్ల సాకెట్లు లావు అడాప్టర్ల కోసమే ఎడంగా ఉన్నవి దొరుకుతాయి. చూడగానే నాకూ ముచ్చటేసింది. పిన్ను మార్చే కన్వర్టర్ పెట్టి గోడకి తగిలించారు. టప్‌మని శబ్దం, పొగ వాసన. ఇంకా నయం, దానికి ఏమీ తగిలించలేదు.

అక్కడి సరఫరా 120 వోల్టులు. ఆ బాక్సులోని రక్షణ భాగం అంతకు కొంచెం మించిన వోల్టేజినే ప్రమాదంగా భావించి అడ్డుకుంటుంది. మన 230 వోల్టులు దానికి ఎప్పుడూ ఆగని ఉప్పెనే. అక్కడి ఛార్జర్ల మీద 100-240 వోల్టులని ఉంటే అవి ఇక్కడ నిక్షేపంగా పనిచేస్తాయి, సరైన పిన్ను ఉంటే చాలు. బాక్సుని మాత్రం అక్కడే వదిలేసి రండి.

స్పైక్ గార్డు ఏం కాపాడుతుంది, ఏం కాపాడదు

రెండు రకాలు పక్కపక్కనే అమ్ముతారు. ఒకటి వట్టి ఎక్స్‌టెన్షన్ బాక్సు. రెండోదానిలో ఎంఓవీ అనే చిన్న బిళ్ల ఉంటుంది. వోల్టేజి ఒక్కసారిగా ఎగిసినప్పుడు అది ఆ పోటుని తనలోంచి పోనిచ్చి వస్తువుని కాపాడుతుంది. అట్టపెట్టె మీద జౌల్స్ అని ఒక అంకె ఉంటే అది రెండో రకం, అంకె పెద్దదైతే ఎక్కువ పోటు తట్టుకుంటుంది. దెబ్బ తిన్న ప్రతిసారీ ఆ బిళ్ల కొంత అరుగుతుంది. పూర్తిగా అరిగిపోయాక కూడా బాక్సు కరెంటు ఇస్తూనే ఉంటుంది, రక్షణ మాత్రం ఉండదు. అందుకే రక్షణ ఉందని చూపే లైటు వేరుగా ఉన్నది ఎంచుకోండి.

లో వోల్టేజికి ఇది మందు కాదు. వీధి లైనులో న్యూట్రల్ తీగ తెగితే ఇళ్లలోకి 400 వోల్టుల దాకా రావచ్చు, ఆ పోటు నిమిషాల తరబడి ఉంటే ఈ బిళ్ల నిలవదు. లైట్లు ఉన్నట్టుండి విపరీతంగా వెలిగితే చూస్తూ కూర్చోకుండా మెయిన్ ఆపండి. ఉరుములు మొదలైతే బాక్సు ప్లగ్గే గోడనుంచి తీసేయండి. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే ఎంత ఖరీదైన స్పైక్ గార్డైనా సగం పనే చేస్తుంది. వేసవిలో ఎర్త్ గుంటలో నీళ్లు పోయడం మరచిపోకండి.

ప్లగ్గు మీద, బాక్సు మీద ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు చూడండి. మన ప్లగ్గులకీ సాకెట్లకీ వర్తించే ప్రమాణం ఐఎస్ 1293. ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్. వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది అసలుదో కాదో షాపులోనే తెలుస్తుంది.

జాగా చాలడం లేదని కొందరు అడాప్టర్ అంచు కోస్తారు, ఎర్త్ పిన్ను విరగ్గొడతారు. సాకెట్ రంధ్రాలని లోపలినుంచి మూసి ఉంచే షటర్ తెరుచుకోవడానికి ఎర్త్ రంధ్రంలో పెన్ను మూతో స్క్రూడ్రైవరో దూర్చి టూ పిన్ పెడతారు. మా ఇళ్లలోనూ ఇవన్నీ చూశాను. దయచేసి పిల్లల ముందు కాదు, ఎవరూ లేనప్పుడు కూడా ఈ పని చేయకండి. ఆ షటర్ పెట్టిందే చిన్నవేళ్లు లోపలికి పోకుండా.

దోమల మందు మెషీన్ గురించి ఒక మాట. సీసా నిటారుగా నిలబడేలా చేసిన వస్తువు అది. నేలమీద వెల్లకిలా ఉన్న బాక్సుకి పెడితే సీసా అడ్డం పడుతుంది, మందు కారుతుంది. పైగా పక్క సాకెట్‌నీ మూసేస్తుంది. దానికి గోడ సాకెట్టే ఇవ్వండి.

అమ్మావాళ్లింట్లో చివరికి ఇలా కుదిరింది. ఎడంగా ఉన్న ఐదు సాకెట్ల స్పైక్ గార్డు ఒకటి టీవీ వెనక గోడకి, నేలకి మూరెడు ఎత్తున బిగించాం. రౌటర్‌కీ సెట్‌టాప్ బాక్సుకీ చెరో పొట్టి వైరు. టీవీ, మోడెం, స్టిక్కు నేరుగా. నాన్న ఫోన్ ఛార్జరు అక్కడినుంచి తీసేసి ఆయన మంచం పక్కనున్న పాయింటుకి మార్చాం. కాలిన పాత బాక్సుని ఎవరూ మళ్లీ వాడకుండా దాని వైరు ప్లగ్గు దగ్గరే కత్తిరించి పారేశాను.